పిప్ చూపించే ఎర్ర అక్షరాల్లో అసలు తప్పు ఎక్కడుంటుంది?

ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఎచ్చెర్ల హాస్టళ్ల నుంచి విజయనగరం ల్యాబుల దాకా, పైథాన్ భాషకి ప్యాకేజీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) తెచ్చి పెట్టే పిప్ అనే పనిముట్టు మీద ఒకటే గోల. “సార్, ఇన్‌స్టాల్ అవ్వట్లేదండి. ఏటో ఎర్రగా వచ్చేస్తంది.” ఆ వచ్చినదాన్ని ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఫొటోలో పడేది చివరి ఆరేడు వరుసలు. అసలు తప్పేమో చాలా పైన, స్క్రోల్ చేస్తే గానీ కనపడని చోట ఉంటుంది.

ఆ తర్వాత జరిగేదీ తెలిసిందే. ఏదో వీడియో చూసి పైథాన్ తీసేసి మళ్లీ పెడతారు. పక్క రూమ్‌వాడు చెప్పాడని అనకొండ (పైథాన్‌నీ ప్యాకేజీల్నీ ఒకే కట్టగా ఇచ్చేది) కూడా ఎక్కిస్తారు. అప్పటికీ కాకపోతే విండోస్ ఫార్మాట్ కొట్టించడానికి ఊళ్లో కంప్యూటర్ షాపుకి పట్టుకెళ్తారు. వారం తిరిగేసరికి ఆ ల్యాప్‌టాప్‌లో రెండు మూడు పైథాన్లు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా కాపురం చేస్తుంటాయి. మొదట వచ్చిన తప్పు అలాగే ఉంటుంది. దానికి తోడు కొత్తవి చేరతాయి.

సైంటిఫిక్ సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు వచ్చే ఎర్రర్లు చూడ్డానికి వేల రకాలు. పుట్టే చోట్లు మాత్రం నాలుగైదే. ప్యాకేజీ ఒక పైథాన్లోకి వెళ్లి మనం ఇంకో పైథాన్ తెరిచి ఉండొచ్చు. మన మెషీన్‌కి సరిపడే తయారైన ఫైల్ దొరక్కపోయి ఉండొచ్చు. పైథాన్‌కి బయట ఉండాల్సిన లైబ్రరీ లేకపోవచ్చు, లేదా తప్పుది ఉండొచ్చు. ప్యాకేజీల వెర్షన్లు ఒకదానికొకటి పొసగకపోవచ్చు. ఇవేవీ కాకపోతే నెట్టో, గడియారమో, ఫోల్డర్ పేరో. ఏ చోట పుట్టిందో తేల్చుకున్నాక వైద్యం సాధారణంగా ఒకటి రెండు కమాండ్లే. తేల్చుకోకుండా చేసే వైద్యమే ల్యాప్‌టాప్‌ని షాపుదాకా తీసుకెళ్తుంది.

ఇంత తలనొప్పి ఎందుకంటే, అంకెల లెక్కలకి వాడే ప్యాకేజీ, నంపై అని మనం పిలిచేది ఒక్క పైథాన్ ప్రోగ్రామ్ కాదు. పైపొర మాత్రమే పైథాన్. లోపల పని చేసేది సీ భాషలో రాసి, కంపైల్ చేసిన భాగం. మాట్రిక్సుల గుణకారం లాంటి బరువు పని వచ్చేసరికి అది కూడా ఇంకా కిందకి, బ్లాస్, లాప్యాక్ అనే లైబ్రరీల మీదికి తోసేస్తుంది. బ్లాస్ 1979లో బయటికొచ్చింది, లాప్యాక్ 1992లో. రెండూ ఫోర్ట్రాన్‌లో పుట్టినవే. ఇప్పుడు మన మెషీన్లలో వాటి పని ఓపెన్‌బ్లాస్ గానీ, ఇంటెల్ వాళ్ల ఎమ్‌కేఎల్ గానీ చేస్తుంది. వాటి కింద ఆపరేటింగ్ సిస్టమ్ తాలూకు సీ లైబ్రరీ, ఆ కింద ప్రాసెసర్. ఇన్ని పొరల్లో ఎక్కడ లంకె తెగినా టెర్మినల్‌లో కనపడేది అదే ఎర్ర రంగు.

ముందు ఎర్రర్ చదవడం

పిప్ ఒక ప్యాకేజీని బిల్డ్ చేయబోయి విఫలమైతే చివర్లో ఒక నోట్ పెడుతుంది: ఈ తప్పు సబ్‌ప్రాసెస్‌లో (పిప్ పిలిచిన ఇంకో ప్రోగ్రామ్‌లో) పుట్టింది, బహుశా పిప్ తప్పు కాదు అని. ఫొటోల్లో పదే పదే వచ్చేది సరిగ్గా ఆ వరుసే. పిప్ తన చేతులు దులుపుకుంటున్న వరుస అది. తప్పు ఎవరిదో అందులో ఉండదు. అక్కడి నుంచి పైకి వెళ్తూ, ‘ఎర్రర్’ అన్న మాట మొట్టమొదట ఎక్కడ వచ్చిందో పట్టుకోవాలి. ‘డిస్ట్‌యూటిల్స్ అనే మాడ్యూల్ లేదు’ అనో, ‘విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి’ అనో, ఫలానా ‘.హెచ్’ ఫైల్ దొరకలేదనో అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది. కింద వచ్చేవన్నీ దాని పిల్ల తప్పులు.

ఇన్‌స్టాల్ అయ్యాక, ఇంపోర్ట్ చేసేటప్పుడు వచ్చే తప్పుల లెక్క కొంచెం వేరు. పైథాన్ ట్రేస్‌బ్యాక్‌లో (తప్పు ఏ దారిన వచ్చిందో చూపే వరుసల్లో) మామూలుగా చివరి వరుసే అసలు మాట. అయితే నంపై లాంటివి లోపలి తప్పుని పట్టుకుని, దాని చుట్టూ పెద్ద సలహా పేరాలు కలిపి చూపిస్తాయి. ఆ పేరాల మధ్యలో ‘ఒరిజినల్ ఎర్రర్ వాజ్’ అని ఒక వరుస ఉంటుంది. ఎవరినైనా అడగదలుచుకుంటే ఆ వరుసని, ఫొటోగా కాదు, టెక్స్ట్‌గా పంపాలి. దానితోపాటు ఏ విండోస్ లేదా ఏ లినక్స్, ఏ పైథాన్, ఏ కమాండ్ కొట్టారు అన్నవి ఉంటే అవతలివాళ్లకి సగం పని తగ్గుతుంది.

ఏ పైథాన్లోకి వెళ్లింది?

అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎదురయ్యేది ఇదే, అన్నిటికన్నా తేలిగ్గా తేలేదీ ఇదే. ‘పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అంటే సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్ అంటుంది. ప్రోగ్రామ్ నడిపితే పాండాస్ లేదంటుంది. రెండూ నిజమే చెప్తున్నాయి. టెర్మినల్‌కి తగిలిన పిప్ ఒక పైథాన్‌ది, ఎడిటర్ నడిపేది ఇంకో పైథాన్.

‘పిప్ --వెర్షన్’ అని కొడితే అది ఏ ఫోల్డర్‌లో ఉందో, ఏ పైథాన్‌కి చెందిందో చూపిస్తుంది. ప్రోగ్రామ్‌లో ‘ఇంపోర్ట్ సిస్’ అని, ‘సిస్.ఎగ్జిక్యూటబుల్’ని ప్రింట్ చేస్తే నడుస్తున్న పైథాన్ చిరునామా వస్తుంది. రెండు చిరునామాలూ ఒకటి కాకపోతే ఇంకేం వెతకనక్కర్లేదు. వట్టి ‘పిప్’ అనకుండా ‘పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్’ అని కొట్టడం అలవాటు చేసుకుంటే, ఏ పైథాన్ని పిలిచామో దానిలోకే వెళ్తుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో అయితే సెల్‌లోనే ‘%పిప్ ఇన్‌స్టాల్’ అని కొట్టాలి. ముందు ఆశ్చర్యార్థకం పెట్టి కొట్టేది నోట్‌బుక్ కెర్నల్‌లోకే, అంటే దాన్ని నడిపే పైథాన్లోకే, పోతుందన్న గ్యారంటీ లేదు.

ఉబుంటు లినక్స్ కొత్త వెర్షన్లలో, దాని చుట్టం డెబియన్‌లో 12వ వెర్షన్ నుంచి, ఇంకో గోడ కట్టారు. సిస్టమ్ పైథాన్లోకి పిప్‌తో ఏదైనా పెట్టబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఆపేస్తుంది. దాన్ని దాటడానికి ‘--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’ అనే ఆప్షన్ ఉంది, దాన్నే కాపీ చేసి పేస్ట్ చేసేవాళ్లూ ఉన్నారు. సిస్టమ్‌ని విరగ్గొడతానని పేరులోనే చెప్తున్న ఆప్షన్‌ని ఎందుకు నమ్ముతారో నాకు అర్థం కాదు. ఉబుంటులో చాలా పనిముట్లు ఆ పైథాన్ మీదే బతుకుతాయి. ప్రాజెక్టుకొక వెన్వ్, అంటే ఆ ప్రాజెక్టు ప్యాకేజీలు దానికే ఉండే విడి ఫోల్డర్, చేసుకోవడం ఒక్క కమాండ్: ‘పైథాన్3 -ఎమ్ వెన్వ్ ప్రాజెక్ట్’. పాడైతే ఆ ఫోల్డర్ డిలీట్ చేసి ఇంకోటి చేసుకోవచ్చు, మెషీన్‌కి ఏమీ కాదు. ఫార్మాట్ కొట్టించే దాకా పోయినవాళ్లలో ఎక్కువమందికి కావలసింది ఇంతే.

ఇక్కడే రెండు చిన్న మోసాలున్నాయి. ఒకటి, మన ప్రోగ్రామ్ ఫైల్‌కే ‘నంపై.పీవై’ అనో ‘ర్యాండమ్.పీవై’ అనో పేరు పెట్టడం. పైథాన్ ముందు మన ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కాబట్టి అసలు లైబ్రరీ బదులు మన ఫైల్‌నే తెచ్చుకుంటుంది. రెండోది, ఇంపోర్ట్ చేసే పేరూ ఇన్‌స్టాల్ చేసే పేరూ వేరు కావడం. ఇంపోర్ట్‌లో ఎస్‌కేలెర్న్, పిప్‌కి చెప్పాల్సింది సైకిట్-లెర్న్. ఇంపోర్ట్‌లో సీవీ2, పిప్‌కి ఓపెన్‌సీవీ-పైథాన్. ఇంపోర్ట్‌లో పీఐఎల్, పిప్‌కి పిల్లో.

తయారైనది దొరికిందా, కట్టుకోవాలా?

పిప్ దగ్గర ప్యాకేజీలు రెండు రూపాల్లో ఉంటాయి. ఒకటి వీల్, అంటే కంపైల్ చేసి సిద్ధంగా ఉన్న ఫైల్. రెండోది సోర్స్. వీల్ తెచ్చుకోవడం కుట్టిన చొక్కా కొనుక్కున్నట్టు, ఇంటికొచ్చి వేసేసుకోవడమే. సోర్స్ తెచ్చుకోవడం పొందూరు వెళ్లి ఖద్దరు తాను కొనుక్కొచ్చినట్టు. గుడ్డలో వంక ఏమీ లేదు గానీ ఇంట్లో కుట్టుమిషను ఉండాలి, కొలతలు తెలియాలి. కంప్యూటర్‌లో ఆ కుట్టుమిషను పేరు కంపైలర్. చాలామంది విండోస్ ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు.

తనకి సరిపడే వీల్ ఉంటే పిప్ మారుమాట లేకుండా అదే తెస్తుంది. లేకపోతే అడక్కుండానే సోర్స్ తెచ్చి, కట్టడం మొదలుపెడుతుంది. ఎర్ర అక్షరాల వరద వచ్చేది ఆ క్షణం నుంచే. కాబట్టి నిజమైన ప్రశ్న ‘కంపైలర్ ఎందుకు ఏడుస్తోంది’ అన్నది కాదు, ‘అసలు వీల్ ఎందుకు దొరకలేదు’ అన్నది.

జవాబు వీల్ ఫైల్ పేరులోనే ఉంటుంది. ‘నంపై-2.1.0-సీపీ312-సీపీ312-విన్_ఏఎమ్‌డీ64’ అని ఉందనుకోండి. నంపై 2.1.0, సీపైథాన్ (మనం వాడే మామూలు పైథాన్) 3.12కి మాత్రమే, 64-బిట్ విండోస్‌కి మాత్రమే. మనది ఇంటెల్ ప్రాసెసరు కదా, ఏఎమ్‌డీ ఫైల్ ఎందుకని కంగారు పడక్కర్లేదు. 64-బిట్ ఎక్స్86 డిజైన్ ముందు తెచ్చింది ఏఎమ్‌డీ వాళ్లు కాబట్టి ఆ పేరు ఉండిపోయింది, ఇంటెల్‌కీ అదే. లినక్స్ వీల్స్‌లో ‘మెనీలినక్స్2014’ లాంటి ముక్క కనిపిస్తుంది. సిస్టమ్‌లో సీ లైబ్రరీ, అంటే జీలిబ్‌సీ, 2.17 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉండాలని దానర్థం. మన పైథాన్ ఏయే ముక్కల్ని ఒప్పుకుంటుందో చూడాలంటే ‘పిప్ డీబగ్ --వెర్బోస్’ అని కొడితే జాబితా మొత్తం వస్తుంది. మన జాబితాలో ఉన్న ముక్క, ప్యాకేజీ పేజీలో డౌన్‌లోడ్ ఫైల్స్ కింద ఉన్న ముక్క కలిశాయా లేదా అన్నదే విషయం.

కలవకపోవడానికి నూటికి ఎక్కువ పాళ్లు కారణం ఒకటే: పైథాన్ మరీ కొత్తది. ఏటా అక్టోబరులో కొత్త పైథాన్ వస్తుంది. సైట్‌కి వెళ్లి పెద్ద పసుపు బటన్ నొక్కితే వచ్చేది అదే. దానికి వీల్స్ కట్టి పెట్టడానికి ప్యాకేజీల వాళ్లకి వారాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. మెషీన్ లెర్నింగ్ ప్యాకేజీ టెన్సర్‌ఫ్లో ఇందులో ప్రతిసారీ వెనకే ఉంటుంది. అది సోర్స్ కూడా పిప్‌లో పెట్టదు కాబట్టి ‘సరిపడే వెర్షన్ దొరకలేదు, ఫ్రమ్ వెర్షన్స్: నన్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పాత ల్యాబ్ మెషీన్లలో 32-బిట్ పైథాన్ ఉన్నా ఇదే మాట వస్తుంది.

అందుకని సైంటిఫిక్ పనికి అన్నిటికన్నా కొత్త పైథాన్ కాకుండా, దానికి ఒకటి రెండు వెనకది పెట్టుకోమంటాను. ‘విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి’ అన్నప్పుడు పిల్లలు మొబైల్ హాట్‌స్పాట్ మీద గిగాబైట్ల కొద్దీ బిల్డ్ టూల్స్ దింపుతారు. పది సార్లలో ఎనిమిది తొమ్మిది సార్లు అది దండగ. పైథాన్ వెర్షన్ మార్చుకుంటే వీల్ వచ్చేది, కంపైలర్ అవసరమే పడేది కాదు. ఈ అయోమయం ముందే తప్పించుకోవాలంటే ‘--ఓన్లీ-బైనరీ :ఆల్:’ అన్న ఆప్షన్ కలిపి ఇన్‌స్టాల్ చేయండి. వీల్ ఉంటే తెస్తుంది, లేకపోతే లేదని ఒక్క వరుసలో చెప్పి ఊరుకుంటుంది. వరద ఉండదు.

పాత వీడియోలతో మాత్రం జాగ్రత్త. సైంటిఫిక్ లెక్కల ప్యాకేజీ సైపైకి విండోస్ వీల్స్ పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే గోదాములో) మొదటిసారి వచ్చింది 2017 అక్టోబరులో, 1.0 వెర్షన్‌తో. అంతకుముందు విండోస్ వాళ్లందరూ క్రిస్టఫ్ గోల్కే అనే ఆయన కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్‌లోని తన ల్యాబ్ పేజీలో కట్టి పెట్టిన ఫైళ్ల మీద ఆధారపడేవాళ్లు. ఆ సేవ 2022లో ఆగిపోయింది. ఆ పేజీకి వెళ్లమని చెప్పే వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పైథాన్ 3.12లో, ప్యాకేజీలు కట్టడానికి వాడే డిస్ట్‌యూటిల్స్ తీసేశారు కాబట్టి, దాన్ని నమ్ముకున్న పాత ప్యాకేజీలు కొత్త పైథాన్ మీద సోర్స్ నుంచి కట్టబోయినా పడిపోతాయి. అలాంటి చోట దాని బదులు పనిచేసే సెటప్‌టూల్స్ ప్యాకేజీ పెడితే కొన్ని లేస్తాయి. లేవనివాటికి కొత్త వెర్షన్ వెతుక్కోవడమో, 3.11కి దిగడమో తప్పదు.

వంశధార మ్యాపూ, తప్పు డేటాబేసూ

ఈ జిల్లాల్లో సివిల్, జియాలజీ, జియో ఇన్ఫర్మాటిక్స్ పిల్లల్ని ఎక్కువ ఏడిపించేది జీడాల్. వంశధార, నాగావళి వరద ముంపు మీద ఎవరో ఒకరు ప్రాజెక్టు చేస్తూనే ఉంటారు. శాటిలైట్ చిత్రం తెరవాలంటే ఇది కావాలి. 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీయే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజిస్ లోపలా పనిచేస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది, దానికింద మళ్లీ ప్రోజ్ (మ్యాపు ప్రొజెక్షన్లు మార్చేది), జియోస్, హెచ్‌డీఎఫ్5 లాంటి లైబ్రరీల గొలుసు.

చిక్కు ఏమిటంటే ‘పిప్ ఇన్‌స్టాల్ జీడాల్’ అన్నప్పుడు వచ్చేది జీడాల్ కాదు. జీడాల్‌తో మాట్లాడే పైథాన్ తొడుగు, అదీ సోర్స్‌గా. అసలు లైబ్రరీ మెషీన్‌లో ముందే ఉండాలి, పైగా రెండింటి వెర్షన్ సరిపోవాలి. ఉబుంటులో ‘జీడాల్-కాన్ఫిగ్ అనే ఫైల్ లేదు’ అని ఆగిందంటే అర్థం అదే. ‘ఆప్ట్’తో లిబ్‌జీడాల్-డెవ్ పెట్టి, ‘జీడాల్-కాన్ఫిగ్ --వెర్షన్’ కొడితే ఒక నంబరు వస్తుంది. పిప్‌లో సరిగ్గా ఆ నంబరే అడగాలి. నంబరు చెప్పకుండా వదిలేస్తే పిప్ అన్నిటికన్నా కొత్త తొడుగు తెస్తుంది, కింద ఉన్న పాత లైబ్రరీకి అది ఎక్కదు. విండోస్‌లో ఈ దారే వద్దు. మినీఫోర్జ్ (పిప్ బదులు కోండా అనే పనిముట్టుతో వచ్చే పైథాన్ కట్ట) పెట్టుకుని, కోండా-ఫోర్జ్ అనే దాని ప్యాకేజీల గోదాము నుంచి జీడాల్ తెచ్చుకుంటే గొలుసు మొత్తం కలిసి వస్తుంది. పిప్‌తోనే ఉండాలనుకుంటే జీడాల్ పేరెత్తకుండా రాస్టరియో అనే ప్యాకేజీ పెట్టుకోవాలి. దాని వీల్‌లో జీడాల్ లోపలే ప్యాక్ అయి ఉంటుంది.

సరే, రాస్టరియో పెట్టారు. ఇంపోర్ట్ అయింది. చిత్రం తెరుచుకుంది. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాపుగా పరిచే పద్ధతి) మార్చబోతే పడిపోయింది. ఈ తప్పు విజయవాడ కుర్రాడికి ఆలస్యంగా తగిలితే, మన దగ్గర మొదటి రోజే తగలొచ్చు. ఎందుకంటే సెంటినెల్-2 శాటిలైట్ చిత్రాలు యూటీఎమ్ అనే ప్రొజెక్షన్ తాలూకు జోన్లవారీగా ముక్కలై వస్తాయి. 44, 45 జోన్ల హద్దు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది సరిగ్గా శ్రీకాకుళం జిల్లా మధ్య నుంచి పోతుంది. శ్రీకాకుళం ఊరు ఆ గీతకి పడమర, హైవే మీద కాస్త ముందుకెళ్తే వచ్చే నరసన్నపేట తూర్పు. గొట్టా బ్యారేజీ ఉన్న హిరమండలం 44లో పడుతుంది, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం 45లో. బ్యారేజీ నుంచి కడలి దాకా ఒక్క మ్యాపు కావాలంటే ఒక జోన్ ముక్కని ఇంకో జోన్‌లోకి మార్చక తప్పదు. 32644, 32645 అనే ఆ రెండు కోడ్‌ల వివరాలు ‘ప్రోజ్.డీబీ’ అనే చిన్న డేటాబేస్ ఫైల్‌లో ఉంటాయి. 2019లో వచ్చిన ప్రోజ్ 6 నుంచి ఈ పద్ధతి.

ఎర్రర్ ఇలా ఉంటుంది: ఫలానా ఫోల్డర్‌లోని ప్రోజ్.డీబీలో ‘డేటాబేస్.లేఅవుట్.వెర్షన్.మైనర్’ 2 ఉంది, కనీసం 3 ఉండాలి, ఇది ఇంకో ప్రోజ్ ఇన్‌స్టాలేషన్ నుంచి వచ్చింది. అంకెలు మారొచ్చు, మాట ఇదే. పిల్లలు అంకెలు చూసి బెదిరిపోతారు గానీ చూడాల్సింది ఫోల్డర్ పేరు. అది మన వెన్వ్ లోపలిది కాదు. చాలాసార్లు అక్కడ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ కనిపిస్తుంది. డీబీఎమ్‌ఎస్ ల్యాబ్ కోసమో మరెందుకో ఎప్పుడో పోస్ట్‌గ్రెస్ పెట్టి, దానితో వచ్చే మ్యాపుల అదనపు భాగం పోస్ట్‌జిస్ కూడా టిక్కు కొట్టి ఉంటారు. అది విండోస్ మొత్తానికి ‘ప్రోజ్_లిబ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములన్నీ చదవగలిగే సెట్టింగ్) రాసిపెట్టి వెళ్తుంది. ఆ తర్వాత ఏ పైథాన్లో ప్రోజ్ లేచినా తన సొంత డేటాబేస్ పక్కనే పెట్టుకుని, వేరియబుల్ చెప్పిన పాతదాని దగ్గరికి పోతుంది. రాస్టరియోని ఎన్నిసార్లు తీసి పెట్టినా ఇది మారదు, తప్పు రాస్టరియోలో లేదు కనుక.

తేల్చుకోవడం క్షణం పని. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘సెట్ ప్రోజ్’ అని కొడితే ఆ పేరుతో మొదలయ్యే వేరియబుల్స్ అన్నీ కనిపిస్తాయి. ‘సెట్ ప్రోజ్_లిబ్=’ అని, ఈక్వల్ గుర్తు తర్వాత ఏమీ రాయకుండా ఎంటర్ కొట్టి, అదే విండోలో ప్రోగ్రామ్ మళ్లీ నడపండి. నడిచిందా, దొంగ దొరికాడు. పోస్ట్‌జిస్ వాడకం లేకపోతే సిస్టమ్ సెట్టింగ్స్‌లోంచి ఆ వేరియబుల్ తీసేయొచ్చు. ఉంటే తీయకుండా, ప్రోగ్రామ్ నడిపే బ్యాచ్ ఫైల్‌లో పై వరుసగా ఈ ఖాళీ సెట్ పెట్టుకుంటే సరిపోతుంది. ప్రోజ్ 9.1 నుంచి ఈ వేరియబుల్ పేరు ‘ప్రోజ్_డేటా’గా మారింది, పాత పేరునీ ఒప్పుకుంటారు. కాబట్టి రెండూ చూడాలి.

కోండా, పిప్ కలిపి వాడేవాళ్లకీ ఇదే జబ్బు ఇంకో దారిన వస్తుంది. కోండా తెచ్చిన జీడాల్ మీద పిప్‌తో రాస్టరియో ఎక్కిస్తే ఒకే ప్రోగ్రామ్‌లో రెండు జీడాల్‌లు, రెండు ప్రోజ్‌లు చేరతాయి. ఇలాంటి ప్యాకేజీల విషయంలో ఏదో ఒక దారి పట్టుకుని దానిలోనే ఉండాలి. మిగతా చిన్న చిన్న శుద్ధ పైథాన్ ప్యాకేజీల్ని కోండాలో చివర్న పిప్‌తో కలుపుకుంటే పెద్ద ప్రమాదం లేదు.

వెర్షన్ల గొడవ

2024 జూన్‌లో నంపై 2.0 వచ్చింది. లోపలి సీ ఇంటర్‌ఫేస్ మారింది. దాంతో నంపై 1 కోసం కంపైల్ చేసిన ప్యాకేజీలు నంపై 2 కింద నడవవు. ‘నంపై 1.ఎక్స్‌తో కంపైల్ చేసిన మాడ్యూల్ నంపై 2లో నడవదు, క్రాష్ కావొచ్చు’ అని అది మర్యాదగానే చెప్తుంది. దీనికి పాత చుట్టం ‘నంపై.డీటైప్ సైజ్ ఛేంజ్డ్’ అనే ఎర్రర్. రెండింటి మూలం ఒకటే: పై ప్యాకేజీని ఒక నంపైతో కట్టారు, ఇక్కడ ఉన్నది ఇంకోటి. పై ప్యాకేజీకి కొత్త వెర్షన్ ఉంటే అది పెట్టుకోవడం మంచి దారి. లేకపోతే నంపైని 2 కంటే కిందకి దించాలి.

దించేటప్పుడు ‘నంపై<2’ అన్నదాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి కొట్టాలి. కోట్స్ లేకపోతే టెర్మినల్ ఆ గుర్తుని వేరేగా చదువుతుంది, 2 అనే ఫైల్ ఏదని వెతుకుతుంది. గుర్తు అటు తిప్పి ‘నంపై>=1.20’ అని కోట్స్ లేకుండా కొట్టిన వాళ్ల ప్రాజెక్టు ఫోల్డర్లో ‘=1.20’ అనే వింత ఫైల్ పుట్టి ఉంటుంది. తెరిచి చూస్తే పిప్ మాట్లాడిన మాటలన్నీ అందులో ఉంటాయి.

రెండు ప్యాకేజీలు ఒకే మూడో ప్యాకేజీని వేర్వేరు వెర్షన్లలో అడిగితే పిప్ ‘రిజల్యూషన్ ఇంపాజిబుల్’ అంటుంది, ఎవరు ఏం అడిగారో కింద రాస్తుంది. 2020 చివర్లో వచ్చిన పిప్ 20.3కి ముందు ఇంత నిజాయితీ ఉండేది కాదు, పోట్లాట ఉన్నా చాలావరకు పెట్టేసి ఊరుకునేది. వెర్షన్లన్నీ కుదిర్చే పని గణితపరంగానే కష్టమైనది, ఎన్‌పీ-కంప్లీట్ జాతి సమస్య (వేగంగా తేల్చే దారి ఇంకా ఎవరికీ దొరకనిది). అందుకే ఒక్కోసారి పిప్ పాత వెర్షన్లు ఒక్కొక్కటే దింపి చూస్తూ గంటలు కూర్చుంటుంది. అన్నీ ఒకే కమాండ్‌లో అడిగితే దానికి మొత్తం చిత్రం ముందే తెలుస్తుంది. ఒక్కోటీ విడివిడిగా పెడితే ముందు పెట్టినవాటిని తర్వాతవి చెడగొట్టే అవకాశం ఎక్కువ. అంతా అయ్యాక ‘పిప్ చెక్’ కొడితే మిగిలిపోయిన పొరపొచ్చాలు బయటపడతాయి.

జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) సంగతి, దాని మీద లెక్కలు నడిపే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ క్యూడా సంగతి క్లుప్తంగా. ‘ఎన్విడియా-ఎస్ఎమ్ఐ’ చూపించే క్యూడా వెర్షన్ మెషీన్‌లో ఉన్న క్యూడా కాదు, ఆ డ్రైవరు మోయగలిగిన గరిష్ఠం. మెషీన్ లెర్నింగ్ ప్యాకేజీ పైటార్చ్ వీల్స్ తమ క్యూడాని తామే తెచ్చుకుంటాయి కాబట్టి విడిగా టూల్‌కిట్ పెట్టనక్కర్లేదు, డ్రైవరు సరిపడా కొత్తదైతే చాలు. విండోస్‌లో మామూలు ‘పిప్ ఇన్‌స్టాల్ టార్చ్’ సీపీయూ వీల్‌నే తెస్తుంది. జీపీయూ కావాలంటే వాళ్ల సైట్‌లో మన సిస్టమ్ ఎంచుకుంటే వచ్చే కమాండే కొట్టాలి. టెన్సర్‌ఫ్లో అయితే 2.10 తర్వాత నేరుగా విండోస్‌లో ఎన్విడియా జీపీయూ వాడడం ఆపేసింది, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2లోకి వెళ్లాల్సిందే.

ప్యాకేజీకి సంబంధం లేని తప్పులు

పాత ల్యాబ్ మెషీన్లలో ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అని వస్తే అందరూ ప్రాక్సీని (కాలేజీ నెట్ అంతా దాటి వెళ్లే మధ్య మెషీన్‌ని) తిడతారు. ముందు కింద మూల గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయిన మెషీన్, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎప్పటిదో తేదీకి వెళ్లిపోతుంది. ఆ తేదీకి నేటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కనుక ఒప్పుకోదు. గాలివాన వచ్చిన మర్నాడు ల్యాబ్‌లో వరసగా పిప్‌లన్నీ మొరాయిస్తే ఇది తప్పకుండా చూడాల్సిన సంగతి. గడియారం సరిగ్గానే ఉంటే అప్పుడు కాలేజీ ప్రాక్సీ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

విండోస్ యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నా, మధ్యలో ఖాళీ ఉన్నా కొన్ని పాత బిల్డ్ పనిముట్లు తడబడతాయి. ఫోల్డర్ దారి 260 అక్షరాలు దాటినా విండోస్ మామూలుగా ఒప్పుకోదు. వన్‌డ్రైవ్‌లో ఉన్న డెస్క్‌టాప్ మీద వెన్వ్ చేస్తే వేల చిన్న ఫైళ్లని అది ఒక పక్క క్లౌడ్‌కి పంపుతూ ఇంకో పక్క తాళం వేస్తుంటుంది. ‘డీ:’ డ్రైవ్‌లో చిన్న ఇంగ్లిష్ పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుంటే ఈ మూడూ ఒకేసారి పోతాయి.

నెట్ నెమ్మదిగా ఉన్న ల్యాబ్‌లో ముప్పై మెషీన్లకీ ఒక్కో దానికీ దింపడం వృథా. నెట్ బాగున్న ఒక మెషీన్‌లో ‘పిప్ డౌన్‌లోడ్ -డీ’ అని ఒక ఫోల్డర్‌లోకి వీల్స్ అన్నీ దింపి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, మిగతావాటిలో ‘పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్’ అని ఆ ఫోల్డర్ పేరు ఇస్తే నెట్ లేకుండానే ఎక్కుతాయి. దింపిన మెషీన్‌లోనూ ఎక్కించే మెషీన్‌లోనూ పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటే అయి ఉండాలి.

పని పూర్తయిన వెన్వ్‌ని తర్వాతి బ్యాచ్‌కి అందించేటప్పుడు ఫోల్డర్‌ని కాపీ చేసి ఇవ్వకండి, దానిలో మీ మెషీన్ దారులే రాసి ఉంటాయి. ‘పిప్ ఫ్రీజ్’ ఇచ్చిన జాబితాని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌గా ఇవ్వండి. ఆ జాబితాలో పైథాన్ వెర్షన్ ఉండదు కాబట్టి పై వరుసలో హ్యాష్ గుర్తు పెట్టి మీరే రాయాలి. విండోస్‌లో తీసిన జాబితాని లినక్స్‌లో వాడేవాళ్లు ముందు ‘పైవిన్32’ ఉన్న వరుస కొట్టేయాలి, అది విండోస్‌కి మాత్రమే ఉంటుంది.